లాటరీ తగిలినవాడికి మేమున్నాం

వార్షికోత్సవ సంచికకు పాత విద్యార్థులు కూడా ఏదైనా రాయాలని వార్డెన్ సార్ కబురు పెట్టారు. మేము నలుగురం ఫోన్లో మాట్లాడుకున్నాం. ర్యాగింగ్ లేని మా హాస్టల్ గురించి రాద్దామని ఒకరు, మెస్సులో నీళ్ల సాంబారు గురించి రాద్దామని ఒకరు అన్నారు. చివరికి 5,22,000 రూపాయల సంగతే రాయాలని అందరం ఒప్పుకున్నాం. రాస్తున్నది ఒకరైనా మాట నలుగురిది.

పాల్వంచలో మేము డిగ్రీ చదివినన్నాళ్లూ ఒకే గదిలో ఆరుగురం ఉండేవాళ్లం. హాస్టల్లో పేర్లకంటే ఊళ్ల పేర్లే ఎక్కువ నడుస్తాయని మీకు తెలుసు కదా. మా గదిలో ములకలపల్లి, అశ్వాపురం, బూర్గంపాడు, జూలూరుపాడు, దమ్మపేట, చండ్రుగొండ ఉండేవి. ఆరుగురిలో ఎవరింట్లోనూ మాకంటే ముందు డిగ్రీ చదివినవాళ్లు లేరు. రాత్రి కరెంటు పోతే డాబా ఎక్కి కేటీపీఎస్ పొగగొట్టాల ఎర్ర లైట్లు చూస్తూ, ఉద్యోగాలొచ్చాక ఎవరు ఎక్కడుంటారో చెప్పుకునేవాళ్లం. చండ్రుగొండ ఎప్పుడూ ఒకటే మాట అనేవాడు, "నేను విమానం ఎక్కుతా" అని. మేము నవ్వేవాళ్లం. "ముందు మణుగూరు ప్యాసింజరు టికెట్ కొనుక్కోరా" అనేవాళ్లం.

పాత ప్లాంటు కూలింగ్ టవర్లు ఎనిమిదింటినీ 2024 ఆగస్టు 5న కూల్చేశారు. ఆ రోజు వీడియో గ్రూపులో పెట్టింది చండ్రుగొండే. అప్పటికి వాడు హైదరాబాద్‌లో ఒక ఆసుపత్రి బిల్లింగ్ కౌంటర్లో పనిచేస్తున్నాడు. "మన గుర్తులన్నీ పోతున్నయిరా, నేను కూడా పోతా" అని రాశాడు. అప్పుడూ నవ్వాం.

2025 మార్చి మొదటి వారంలో వాడు ఫోన్ చేసి, "నాకు లాటరీ తగిలిందిరా, ఇంగ్లాండు వీసా లాటరీ" అన్నాడు.

ఈసారి మేము నవ్వలేదు, భయపడ్డాం. ఎందుకంటే లాటరీ వీసా అనే మాట మా హాస్టల్లో అంతకు ముందే ఒకసారి విన్నాం. మా సీనియర్ అన్న ఒకాయనకు 2022లో ఒక మెయిల్ వచ్చింది. అమెరికా గ్రీన్ కార్డు లాటరీలో మీ పేరు వచ్చింది, ఫైలు ఖర్చులు పంపండి అని. ఒక కన్సల్టెన్సీవాడు ఫోన్లో సార్ సార్ అంటూ మూడు విడతలుగా 38,000 రూపాయలు తీసుకున్నాడు. తర్వాత ఆ నంబరు మోగలేదు. అన్న వాళ్ల నాన్న ఆ డబ్బు కోసం రెండు మేకలు అమ్మాడు.

ఆ అన్న మోసపోయాకే మాకు అసలు విషయం తెలిసింది. అమెరికాలో డైవర్సిటీ వీసా అనే లాటరీ నిజంగానే ఉంది. 1990 నాటి చట్టంతో వచ్చింది. ఏడాదికి 55,000 వరకు వీసాలు దానికి కేటాయించారు. కానీ అది అమెరికాకు తక్కువమంది వలస వెళ్లే దేశాల కోసం. గడిచిన అయిదేళ్లలో 50,000 మందికి పైగా వెళ్లిన దేశాలవాళ్లకు అందులో చోటు లేదు. మన దేశం నుంచి అంతకంటే ఎన్నో రెట్లమంది వెళ్తున్నారు కాబట్టి ఇండియాలో పుట్టినవాళ్లు మామూలుగా ఆ లాటరీకి పేరే ఇవ్వలేరు. పైగా గెలిచినవాళ్లకు ఆ ప్రభుత్వం మెయిల్ పంపి డబ్బు అడగదు. దరఖాస్తు చేసినవాళ్లే వెబ్‌సైట్లో నంబరు కొట్టి చూసుకోవాలి. 2025 వరకు దరఖాస్తుకు రుసుమే లేదు, తర్వాత పెట్టింది కూడా ఒక్క డాలరే. ఇది ముందే ఎవరైనా చెప్పి ఉంటే ఆ రెండు మేకలు ఇంటి ముందే ఉండేవి.

హెచ్-1బి లాటరీ అని ఇంకొకటి వింటుంటాం. అది వేరు. దానికి మన పేరు మనం ఇచ్చుకోలేం, ఉద్యోగమిచ్చే అమెరికా కంపెనీయే ఇవ్వాలి. ఏడాదికి 65,000, అక్కడ మాస్టర్స్ చదివినవాళ్లకు ఇంకో 20,000. మన తెలుగువాళ్లలో లాటరీ అంటే ఎక్కువమందికి తెలిసింది అదే.

అందుకని చండ్రుగొండను పోలీసులు అడిగినట్టు అడిగాం. ఎవడు చెప్పాడు, ఎంత కట్టావు, ఆ మెయిల్ ఎక్కడి నుంచి వచ్చింది అని. వాడు ఓపికగా అన్నీ చూపించాడు. బ్రిటన్, ఇండియా ప్రభుత్వాలు ఒప్పందం చేసుకుని 2023 ఫిబ్రవరిలో యంగ్ ప్రొఫెషనల్స్ స్కీమ్ అని మొదలుపెట్టాయి. ఏడాదికి 3,000 మంది భారతీయులకు చోటు. 18 నుంచి 30 ఏళ్ల మధ్య వయసు, డిగ్రీ ఉంటే చాలు. అక్కడ ముందుగా ఉద్యోగం దొరికి ఉండాలని లేదు. రెండేళ్లు ఉండి పని చేసుకోవచ్చు, తర్వాత పొడిగింపు లేదు. 48 గంటలపాటు ఆన్‌లైన్లో పేర్లు తీసుకుని లాటరీ తీస్తారు. పేరు ఇవ్వడానికి ఒక్క రూపాయి కూడా కట్టక్కర్లేదు. వాడు 2025 ఫిబ్రవరిలో, డ్యూటీ మధ్యలో, ఫోన్లోనే పేరు ఇచ్చాడు. గల్ఫ్ వెళ్దామని ఎప్పుడో తీసుకున్న పాస్‌పోర్టు అప్పుడు పనికొచ్చింది.

జూలూరుపాడు రెండు రోజులు బ్రిటన్ ప్రభుత్వ వెబ్‌సైటు అంతా చదివాడు. మెయిల్ అక్కడి నుంచి వచ్చిందే. అందులో ఎవరికో డబ్బు పంపమని లేదు. వీసాకు దరఖాస్తు చేసుకోవచ్చు, 90 రోజులు గడువు అని మాత్రమే ఉంది. అప్పుడు నమ్మాం.

నమ్మాక తెలిసింది అసలు కష్టం. లాటరీకి డబ్బు అక్కర్లేదు గానీ గెలిచినవాడికి కావాలి. అక్కడ దిగాక బతకడానికి 2,530 పౌండ్లు తన బ్యాంకు ఖాతాలో చూపాలి. అవి వరసగా 28 రోజులు కదలకుండా ఉండాలి. అక్కడి వైద్యం కోసం ఏడాదికి 776 చొప్పున రెండేళ్లకు 1,552 పౌండ్లు ముందే కట్టాలి. వీసా ఫీజు మేము మొదట లెక్క వేసుకున్నప్పుడు 298 పౌండ్లు, కట్టే రోజుకు 319 అయ్యింది. ఏప్రిల్ 9న పెంచారు. ఇవి కాక టీబీ పరీక్ష, హైదరాబాద్ తిరుగుళ్లు. పౌండు రేటు 110, 113 మధ్య ఊగుతోంది. రేటు పెరిగితే తక్కువ పడకుండా ఖాతాలో 3,00,000 ఉంచాలనుకున్నాం. అన్నీ కలిపితే అయిదు లక్షలు దాటింది.

వాళ్లమ్మా నాన్నా మిర్చి కోతలకు వెళ్లేవాళ్లు. వాడు దాచుకున్నది 85,000.

లాటరీలో కలెక్టరు కొడుకు పేరైనా కూలివాడి కొడుకు పేరైనా ఒకటే, కంప్యూటరుకు తేడా తెలియదు. కానీ ఆ తర్వాతి 28 రోజులు మాత్రం అందరికీ ఒకటి కాదు. ఒకడికి ఆ డబ్బు వాళ్ల నాన్న ఖాతాలో ఎప్పటినుంచో ఉంటుంది. ఇంకొకడికి ఆ డబ్బు ముప్పై ఇళ్లు తిరిగినా దొరకదు. బ్యాంకుకు వెళ్తే జామీను ఎవరన్నారు. జీతం స్లిప్పు ఉన్న బంధువు ఒకరైనా ఉన్నారా అన్నారు. మా ఆరు ఇళ్లలో వెతికినా అలాంటి బంధువు లేడు. మా చుట్టాల్లో నెల జీతమంటూ తీసుకోబోయే మొదటివాళ్లం మేమే.

గవర్నమెంటు ఇవ్వదా అని కొందరు అడిగారు. ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు అంబేడ్కర్ ఓవర్సీస్ విద్యానిధి ఉంది, 20 లక్షల వరకు ఇస్తారు. కానీ అది విదేశాల్లో పీజీ చదువుకు. డిగ్రీలో 60 శాతం మార్కులు, ఇంగ్లీషు పరీక్ష స్కోరు, సీటు వచ్చిన కాగితం కావాలి. సగం డబ్బు అక్కడ దిగాక, మిగతా సగం మొదటి సెమిస్టర్ ఫలితాలు చూశాక వస్తుంది. పనికి వెళ్లేవాడికి అది వర్తించదు. ఇప్పుడు డిగ్రీలో ఉన్న తమ్ముళ్లు మాత్రం దాన్ని దృష్టిలో పెట్టుకుని మొదటి ఏడాది నుంచే మార్కులు చూసుకోవాలి.

ఒక ఆదివారం అంబేడ్కర్ సెంటర్లో టీ తాగుతూ కూర్చున్నాం. చండ్రుగొండ, "వదిలేయండ్రా, పేరొచ్చింది చాలు, ఆ మెయిల్ ఫ్రేం కట్టించుకుంటా" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ గ్లాసు పట్టుకున్న చెయ్యి వణికింది. ఆ రోజే నోటు పుస్తకం కొన్నాం.

మా హాస్టల్లో చదివి సింగరేణిలో ఉద్యోగం చేస్తున్న అన్న లక్ష ఇచ్చాడు. టీచరు అన్న 75,000 ఇచ్చాడు. వాళ్లమ్మ పుస్తెల తాడు తాకట్టు పెట్టి 60,000 తెచ్చింది. మా నలుగురిది కలిపి 1,20,000. అందులో గ్రూప్-2 కోచింగ్‌కు దాచుకున్న డబ్బుంది, సెకండ్ హ్యాండ్ బండి కోసం దాచుకున్న డబ్బూ ఉంది. పాత విద్యార్థుల గ్రూపులో 74 మంది అయిదు వందలు, వెయ్యి, రెండు వేలు వేశారు. అవి 82,000. వాడి 85,000 కలిపితే మొత్తం 5,22,000 అయ్యింది.

మార్చి 22న ఖాతాలో మూడు లక్షలు నిండాయి. టీచరు అన్న మాతో ఒక మాట అన్నాడు, "తెల్లారి మీరు తిరిగి తీసుకునే డబ్బయితే అది వాడిది కాదు, వాడిది కానిది వాడిదని చూపిస్తే అబద్ధమైతది. ఇస్తే పూర్తిగా ఇవ్వండి." కాసేపు ఎవరం మాట్లాడలేదు. కోచింగ్ డబ్బు తిరిగి వస్తుందనే ఆశ మా అందరిలో లోపల ఉంది. ఆ రోజు అది వదులుకుని, ఇది బహుమతి, తిరిగి అడగం అని కాగితం రాసి సంతకాలు పెట్టాం. స్పాన్సర్ అంటే ఏమిటో మాకు అప్పుడు తెలిసింది.

ఒక తప్పు కూడా ఇక్కడ ఒప్పుకోవాలి. దమ్మపేట డబ్బు ఇవ్వలేదు. "నావల్ల కాదురా" అని ఒక్క ముక్క చెప్పి పెట్టేశాడు. మా అందరికంటే ముందు ఉద్యోగం వచ్చింది వాడికే. మాకు మండిపోయింది. నెలన్నర వాడితో మాట్లాడలేదు. తర్వాత ఎవరో చెబితే తెలిసింది. రెండేళ్లుగా వాళ్ల నాన్న మిర్చి అప్పు వాయిదాలు వాడి జీతంలోంచే పోతున్నాయి. ఇవ్వలేనివాణ్ణి ఇవ్వనివాడు అనుకున్నాం. తర్వాత దమ్మపేట వెళ్లి వాళ్లింట్లో అన్నం తిని వచ్చాం. క్షమించమని అడగడం మాకు చేతకాలేదు, వాడు అడగనివ్వలేదు కూడా.

ఇంక ఆ 28 రోజులు. పొద్దున లేవగానే చండ్రుగొండ ఖాతా నిల్వ ఫోటో పంపేవాడు. మేము రోజులు లెక్కపెట్టేవాళ్లం. పంతొమ్మిదో రోజున వాళ్ల నాన్న మిర్చి చేలో పడిపోయాడు, వడదెబ్బ. కొత్తగూడెంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చారు. వెంటనే 25,000 కట్టమన్నారు. వాడి దగ్గర వేరే డబ్బు లేదు. ఫీజుల కోసం పక్కన పెట్టింది సింగరేణి అన్న దగ్గర ఉంది, ఆయన రాత్రి షిఫ్టులో భూమి లోపల ఉన్నాడు, ఫోన్ అందదు.

"ఖాతాలోంచి తీస్తా" అన్నాడు వాడు. మేము వద్దన్నాం. ఒక్క రోజు తగ్గినా లెక్క మళ్లీ ఒకటి నుంచి మొదలవుతుంది, ఒకసారి తీసింది మళ్లీ ఎవరు పూడుస్తారు, కాసేపు ఆగు, ఎక్కడైనా తెస్తాం అన్నాం. వాడు గట్టిగా అరిచాడు, "మా నాయన కంటే వీసా ఎక్కువారా?" అని. ఫోన్ పెట్టేశాడు.

వాడి మాటే న్యాయం. మేము వాడి నాన్నను వదిలి బ్యాంకు నిల్వను కాపాడుతున్నామని మాకు ఆ అరుపుతో గానీ తెలియలేదు. సాయం చేసినవాళ్లకు ఒక అధికారం వచ్చేసినట్టు అనిపిస్తుంది. తమ్ముళ్లూ, రేపు మీరు ఎవరికైనా సాయం చేస్తే ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి.

"తీసెయ్యి" అని చెబుదామని మళ్లీ ఫోన్ చేసేసరికి డబ్బు కట్టేశానన్నాడు. ఎక్కడిది అంటే, మన వంటమ్మ అన్నాడు. మాకు మూడేళ్లు అన్నం పెట్టిన వంటమ్మది కొత్తగూడెం దగ్గరి ఊరే. ఆసుపత్రిలో ఎవరినో చూడటానికి వచ్చి వీణ్ణి వరండాలో చూసింది. మహిళా సంఘంలో తీసుకున్న లోను డబ్బు ఇంట్లో ఉంటే ఆటోలో వెళ్లి 20,000 తెచ్చి చేతిలో పెట్టింది. మిగతా అయిదు వేలు ములకలపల్లి ఫోన్‌పే చేశాడు. "మీరందరూ చదువుకున్నోళ్లు, నాకు ఆ ఇరవై ఎనిమిది రోజుల లెక్క తెల్వదు. పిల్లగాడు ఏడుస్తున్నడు, ఇచ్చిన" అని ఆమె తర్వాత మాతో అంది. వాళ్ల నాన్న నాలుగో రోజు ఇంటికి వచ్చాడు. వంటమ్మ డబ్బు మాత్రం నెల తిరక్కుండా తిరిగి ఇచ్చాం. అది బహుమతి కాదు, సంఘం వాయిదా.

28 రోజులు పూర్తయ్యాక దరఖాస్తు పెట్టాడు. మే నెలలో వీసా వచ్చింది. జూన్‌లో వెళ్లాడు. శంషాబాద్ విమానాశ్రయానికి మేము నలుగురం, దమ్మపేట, వాళ్లమ్మ, నాన్న వెళ్లాం. వాళ్లమ్మ, "అయ్యా, రెండేళ్లకు పంపిస్తరట గదా, మరి అప్పుడు మళ్లీ లాటరీ ఉంటదా?" అని మమ్మల్ని అడిగింది. ఈ వీసా ఒకరికి ఒకసారే అని ఆమెకు చెప్పాం. "అయితే మంచిదే, వస్తడు" అంది.

అక్కడికి వెళ్లగానే పూలబాట అనుకోవద్దు. మొదటి రెండు నెలలు వాడికి పని దొరకలేదు. వాడి డిగ్రీకి తగిన ఉద్యోగాలవాళ్లు రెండేళ్లకే వెళ్లిపోయేవాణ్ణి తీసుకోవడానికి వెనకాడారు. సిగ్గుపడి మాకు ఫోన్ కూడా చేయలేదు. తర్వాత ఒక గోడౌనులో రాత్రి షిఫ్టు దొరికింది, పెట్టెలు మోసే పని. చలికాలంలో సాయంత్రం నాలుగింటికే చీకటి పడుతుందట. "కేటీపీఎస్ లైట్లు గుర్తొస్తున్నయిరా" అన్నాడు ఒకసారి. ఇప్పుడు ఒక ఆసుపత్రిలో బిల్లింగ్ పనికే చేరాడు. హైదరాబాద్‌లో నేర్చుకున్న పనే అక్కడ పనికొచ్చింది.

మన హాస్టళ్లలో అంబేడ్కర్ గారి ఫోటో లేని హాలు ఉండదు. ఆయన 1913లో న్యూయార్క్ వెళ్లి కొలంబియా విశ్వవిద్యాలయంలో చేరడానికి బరోడా మహారాజు సయాజీరావు గాయక్వాడ్ నెలకు పదకొండున్నర పౌండ్ల చొప్పున మూడేళ్లు వేతనం ఇచ్చారు. బదులుగా పదేళ్లు సంస్థానంలో పనిచేస్తానని ఒప్పందం. ఈ సంగతి ప్రతి జయంతికీ చెబుతారు. కానీ తక్కువగా చెప్పే సంగతి ఇంకొకటి ఉంది. న్యూయార్క్‌లో లివింగ్‌స్టన్ హాల్ అనే హాస్టల్లో ఉన్నప్పుడు నవల్ భతేనా అనే పార్శీ విద్యార్థి ఆయనకు స్నేహితుడయ్యాడు. 1920లో ఆగిపోయిన చదువు పూర్తిచేయడానికి అంబేడ్కర్ గారు లండన్ బయలుదేరినప్పుడు జీతంలో దాచుకున్నది, కొల్హాపూర్ షాహూ మహారాజ్ ఇచ్చింది చాలలేదు. ఆ భతేనా దగ్గరే 5,000 రూపాయలు అప్పు తీసుకున్నారు. మహారాజులు అందరికీ దొరకరు. హాస్టల్ స్నేహితులు మనకూ ఉన్నారు.

చివరగా ఇప్పుడు హాస్టల్లో ఉన్న తమ్ముళ్లకు మా అనుభవంతో నాలుగు మాటలు. లాటరీలో గెలిచావు, ముందు డబ్బు పంపు అని ఎవరైనా అంటే అది మోసమే. పంపేసి ఉంటే సిగ్గుపడి దాచుకోకుండా వెంటనే 1930కి ఫోన్ చేయండి. మనలాంటివాళ్లకు నిజంగా ఉన్న లాటరీలు కూడా ఉన్నాయి. బ్రిటన్‌ది చెప్పాం. ఆస్ట్రేలియా కూడా 2024 అక్టోబరు నుంచి మనవాళ్లకు వర్క్ అండ్ హాలిడే వీసా లాటరీ పెట్టింది, ఏడాదికి 1,000 మందికి, పేరు ఇవ్వడానికి 25 ఆస్ట్రేలియా డాలర్లు. నియమాలు, ఫీజులు మారుతుంటాయి కాబట్టి ఎప్పటికప్పుడు ఆ ప్రభుత్వాల వెబ్‌సైట్లోనే చూడండి, మధ్యవర్తి నోట వినొద్దు. అన్నిటికంటే ముందు పాస్‌పోర్టు తీసుకోండి. ఫీజు 1,500 రూపాయలు. 48 గంటలు తలుపు తెరిచినప్పుడు పాస్‌పోర్టు లేనివాడు బయటే నిలబడాలి.

ఈ జనవరిలో చండ్రుగొండ 15,000 రూపాయలు పంపాడు. తిరిగి తీసుకోమని కాగితం మీద రాశాం కదా అన్నాం. "మీకు కాదురా, పుస్తకానికి" అన్నాడు. ఆ డబ్బుతో హాస్టల్లో చదివే నలుగురు తమ్ముళ్లకు పాస్‌పోర్టులు పెట్టించాం, ఇంకా తొమ్మిది వేలు మిగిలాయి. నోటు పుస్తకం ఇప్పుడు టీచరు అన్న దగ్గర ఉంది. పాస్‌పోర్టు కావలసినవాళ్లు వార్డెన్ సార్‌ను అడిగి ఆయన నంబరు తీసుకోండి. మొహమాటపడొద్దు.